షుగర్ రిపోర్టులో 7 శాతం: ఆ అంకె వెనుక ఆరు అమైనో ఆమ్లాలు

హెచ్‌బీఏ1సీ (రక్తంలోని హిమోగ్లోబిన్‌కు గ్లూకోజ్ ఎంత అంటుకుందో చెప్పే షుగర్ పరీక్ష; పొట్టిగా ఏ1సీ) 7 శాతం అని రిపోర్టులో ఉంటుంది. దేనిలో 7 శాతం? ఈ ప్రశ్నకు సూటి జవాబు దొరకడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది.

1958లో హ్యూస్మన్, మేయరింగ్ హిమోగ్లోబిన్‌ను కాలమ్‌లో (మిశ్రమంలోని భాగాలను వేరుచేసే గొట్టంలో) విడదీస్తే ప్రధాన భాగంతో పాటు కొన్ని చిన్న భాగాలు బయటపడ్డాయి. 1968లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహ్‌బర్ మధుమేహ రోగుల రక్తంలో అలాంటి భాగమే ఎక్కువగా ఉండడం గమనించారు. ఈ భాగమే ఏ1సీ. ఇందులో హిమోగ్లోబిన్‌లోని బీటా అనే ప్రోటీన్ గొలుసు మొదటి అమైనో ఆమ్లమైన వాలీన్‌కు గ్లూకోజ్ ఎంజైమ్ సాయం లేకుండానే అంటుకుంటోందని తర్వాత తేలింది. 1993లో 1,441 మంది టైప్-1 రోగుల మీద, చక్కెరను గట్టిగా అదుపు చేస్తే మధుమేహ సమస్యలు తగ్గుతాయా అని చూసిన డీసీసీటీ అధ్యయనం ఫలితాలు వచ్చాక వైద్యమంతా ఈ అంకె చుట్టూ తిరగడం మొదలైంది.

చిక్కు అక్కడే వచ్చింది. కాలమ్ విద్యుదావేశాన్ని బట్టి విడదీస్తుంది. ఏ1సీ దిగే చోటికే పిండ హిమోగ్లోబిన్, కిడ్నీ రోగుల్లో యూరియా వల్ల ఏర్పడే కార్బమైల్ రూపం కూడా వచ్చి కలవొచ్చు. అమెరికాలో 1996 నుంచి ల్యాబుల అంకెలను డీసీసీటీ అంకెతో సరిపోలేలా సర్దారు. దాంతో అందరి లెక్కా ఒకటైంది గానీ, కొలుస్తున్న పదార్థం స్వచ్ఛమైనదా అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

దానికి జవాబు ఐఎఫ్‌సీసీ (క్లినికల్ కెమిస్ట్రీ అంతర్జాతీయ సమాఖ్య) 2002లో ఆమోదించిన రిఫరెన్స్ పద్ధతి. కడిగిన ఎర్ర కణాలను ముందు సెలైన్‌లో 37 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఉంచుతారు. అలా ఉంచితే గట్టిగా అంటుకోని గ్లూకోజ్ ఊడిపోతుంది. ఈ మెట్టు తప్పకూడదు. ఎందుకంటే కొత్తగా అంటుకుని ఇంకా ఊడిపోగల గ్లూకోజ్, స్థిరపడిన గ్లూకోజ్ రెండూ బరువును 162 డాల్టన్లే (అణువుల బరువు కొలమానం) పెంచుతాయి, బరువు చూసి వాటిని వేరు చేయలేం. తర్వాత గ్లూ-సీ ఎంజైమ్ గ్లుటామిక్ ఆమ్లం దగ్గర గొలుసును కోస్తుంది. వాలీన్, హిస్టిడీన్, లూసీన్, త్రియోనీన్, ప్రోలీన్, గ్లుటామిక్ ఆమ్లం: ఈ ఆరింటి ముక్క వస్తుంది. చక్కెర అంటుకోగల మరో అమైనో ఆమ్లం లైసీన్ ఇందులో లేదు కాబట్టి చక్కెర ఉంటే అది మొదటి వాలీన్ మీదే. ఎంత తెలివైన ఎంపిక!

అణువు బరువును దాని ఆవేశాల సంఖ్యతో భాగించి చూపే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో రెండు ఆవేశాలున్న మామూలు ముక్క 348.2 దగ్గర, చక్కెర ఉన్నది 429.2 దగ్గర కనిపిస్తాయి. కార్బమైల్ చేరితే పెరిగేది 43 డాల్టన్లే, కనుక కలిసిపోదు. అయితే రెండు శిఖరాల నిష్పత్తిని నేరుగా జవాబుగా తీసుకోకూడదు, రెండు ముక్కలూ ఒకే తీరులో అయనీకరణం చెందవు. అందుకే శుద్ధి చేసిన ఏ1సీ, ఏ0 (చక్కెర అంటని మామూలు హిమోగ్లోబిన్) రెండింటినీ తెలిసిన పాళ్లలో కలిపిన ప్రమాణ నమూనాలతో పోల్చి లెక్కకడతారు.

ఇలా కొలిస్తే అంకె పాత శాతం కంటే తక్కువ వచ్చింది. గందరగోళం రాకుండా మిల్లీమోల్/మోల్ (ప్రతి వెయ్యింటిలో ఎన్ని) యూనిట్ పెట్టారు. దాన్ని 0.0915తో గుణించి 2.15 కలిపితే పాత శాతం వస్తుంది. 53 అంటే 7 శాతం.

సికిల్ సెల్ (హిమోగ్లోబిన్ జన్యువులో మార్పు వల్ల వచ్చే వ్యాధి) ఉన్న గిరిజన కుటుంబాలు మన ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఉన్నాయి. ఆ మార్పులో ఆరో స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ ఉంటుంది. ఎంజైమ్ అక్కడ కోయదు, ఏడో స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం దగ్గర కోస్తుంది. ఆ ముక్క బరువు వేరు కాబట్టి లెక్కలోకి రాదు. ఒక జన్యువే మారినవారిలో మామూలు హిమోగ్లోబిన్ ఉంటుంది గనుక కొలత నిలుస్తుంది. రెండూ మారినవారిలో కొలవడానికి మామూలు హిమోగ్లోబినే ఉండదు, పైగా వారి ఎర్ర కణాలు మామూలు ఆయువైన 120 రోజులు నిండకముందే చనిపోతాయి. వారికి ఏ1సీ రాయకుండా ఫ్రక్టోసమీన్ (రక్తంలోని ఇతర ప్రోటీన్లకు అంటిన గ్లూకోజ్‌ను కొలిచేది) లాంటి పరీక్ష చూడాలి.