చింపేసిన పేజీ

చిన్నీ, బాబీ,

మొన్న మీ అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. వేపచెట్టు మీద కొత్త పిట్ట కనబడిందని చిన్ని నోట్‌బుక్‌లో రాసుకుందట. "అది ఆడకోయిలే" అని బాబీ నవ్వేసరికి ఆ పేజీ పర్రున చింపేసిందట. ఎందుకు చింపావు తల్లీ? గోధుమరంగు ఒళ్లు, తెల్లచుక్కలు, ఎర్రటి కన్ను, అన్నీ సరిగ్గానే చూశావు. కూ అని కూసే నల్లటిది మగది. ఆ రెండూ ఒకే జాతని చూడగానే ఎవరికి తెలుస్తుంది?

నా సంగతి వినండి. ఏడో క్లాసులో ఉండగా, దసరా సాయంత్రం అందరం జమ్మిచెట్టుకు పోతున్నాం. చెరువుగట్టు దగ్గర కరెంటు తీగ మీద నీలంగా ఏదో మెరిసింది. "పాలపిట్ట!" అని కేకేశాను. పెద్దవాళ్లంతా ఆగి దణ్ణాలు పెట్టారు. వలలు ఆరేస్తున్న ఒకాయన మాత్రం, "ముక్కు చూడరా అబ్బాయ్, లకుముకి పిట్ట అది" అన్నాడు. చూద్దును కదా, పొడవాటి ఎర్రముక్కు, తెల్లటి గొంతు! పాలపిట్టది నల్లముక్కు. కూర్చున్నప్పుడు దాని వీపు మట్టిరంగే, రెక్క విప్పితేనే నీలమంతా బయటపడుతుంది. రెండూ 30 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటాయి, రెండూ తీగల మీదే కూర్చుంటాయి. అయినా నా పొరపాటుకు కారణం అది కాదు. ఆ రోజు దసరా కాకపోతే నేనంత తొందరపడేవాణ్ణి కాదు.

గుడ్డికొంగతో ఇంకా ఘోరం. గట్టున ముడుచుకున్నప్పుడు మట్టిరంగు పిట్ట అని రాశాను. ఎగిరితే రెక్కలు తెల్లగా కనబడ్డాయి, తెల్లకొంగ అన్నాను. జతకట్టే కాలంలో వీపు ముదురెరుపైంది, మరో కొత్త పిట్ట అనుకున్నాను. ఒక్క కొంగను మూడు చేశాను!

అప్పటినుంచీ పేరు చివర్న రాస్తున్నాను. ముందు గోరింకంతా, కాకంతా, ముక్కెలా ఉంది, ఏం చేస్తోంది అని రాసుకుంటాను. పేరు తప్పైతే ఒక్క గీత గీసి, పక్కన సరైనది, తేదీ వేస్తాను. గీత కింద పాత పేరు కనబడాలి సుమా.

బాబీ, ఈసారి నవ్వే ముందు "ముక్కెలా ఉందే?" అని అడుగు.

చిన్నీ, ఆ కాగితం ముక్కలు దొరికితే అతికించి పంపు. నా గుడ్డికొంగ పేజీలు నీకు పంపుతాను.

మీ తాతయ్య