పాత రివాల్వర్‌ని మార్పించుకోవాలా, ఇంకొకటి కొనాలా? కొన్ని అపోహలు - వాస్తవాలు

టెక్సస్‌లో డాలస్ దగ్గర గన్‌స్మిత్‌గా పని చేస్తున్నాను. రివాల్వర్లు విప్పడం, చూడడం, బాగు చేయడం నా రోజువారీ పని. ఈ మధ్య మన తెలుగువాళ్లు కూడా ఎక్కువగానే వస్తున్నారు. పోలీసులు వాడి అమ్మేసిన స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ మోడల్ 10 ఒకరు తెస్తారు, తుపాకులు అమ్మే గన్ షోలో నచ్చి కొన్న అదే కంపెనీ మోడల్ 19 ఇంకొకరు తెస్తారు. తెచ్చినవాళ్లు దాదాపు అందరూ అడిగేది ఒకటే. "దీన్నే కొంచెం మార్పించుకోమంటారా, లేక ఇంకొకటి కొనుక్కోమంటారా?"

రేపు మళ్లీ పాత స్థితికి తెచ్చుకోగలిగిన మార్పు అయితే చేయించుకోండి. లోహాన్ని కోసో, తొలిచో, అరగదీసో చేయాల్సిన మార్పు అయితే మీకు కావలసింది వేరే రివాల్వర్. నేను ఇచ్చే సలహా ఇంతే. అయితే దీనికి అడ్డుపడే అపోహలు చాలా ఉన్నాయి.

వాటికంటే ముందు ఒక మాట. హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్‌1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి కానీ, లాయర్‌ని అడగకుండా వాటిని నమ్ముకోవద్దు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. వీసా మీద ఉన్న స్నేహితుడి కోసం మీ పేరు మీద కొనిపెట్టడం నేరం. ఇందులో మొహమాటానికి తావు లేదు.

అపోహ: పైకి మెరుస్తూ, తూటాలు పట్టే గుండ్రటి సిలిండర్ తిరుగుతూ ఉంటే రివాల్వర్ బాగున్నట్టే. మిగతాది మార్పించుకుంటే సరిపోతుంది.

వాస్తవం: రివాల్వర్ ఆరోగ్యం పైపూతలో కనిపించదు. డబ్బు ఇచ్చే ముందే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ముందు సిలిండర్ తెరిచి, తూటా పెట్టే ప్రతి గది ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి.

తర్వాత సిలిండర్ మూసి, దాన్ని ముందుకూ వెనక్కూ కదిపి చూడండి. కొత్త రివాల్వర్‌లో ఆ కదలిక దాదాపు తెలియదు. చేతికి స్పష్టంగా తెలిసేంతగా కదులుతుంటే అది బాగా వాడినది, లేదా శక్తిమంతమైన తూటాలు ఎక్కువగా కాల్చినది. సిలిండర్‌కీ, గుండు బయటికి వెళ్లే గొట్టమైన బ్యారెల్‌కీ మధ్య సన్నని సందు ఉంటుంది. అది అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 4 నుంచి 8 దాకా ఉంటే నాకు దిగులు లేదు. 10 దాటితే ఎందుకు అంత పెరిగిందో తెలుసుకోవాలి.

తూటాని కొట్టి పేల్చే హ్యామర్‌ని మెల్లగా వెనక్కి లాగుతూ ఆరు గదులనూ ఒక్కొక్కటిగా పరీక్షించండి. హ్యామర్ పూర్తిగా వెనక్కి వెళ్లేలోపే సిలిండర్ లాక్ పడాలి. ఒక్క గది దగ్గర ఆలస్యంగా పడినా ఆ గది బ్యారెల్‌కి సూటిగా లేనట్టే. అలాంటప్పుడు గుండు బ్యారెల్ అంచుని గీసుకుంటూ వెళ్తుంది, సీసం తునకలు పక్కకి చిమ్ముతాయి. పక్క లేన్‌లో నిలబడినవాళ్లకు అవి తగలడం తుపాకీ కాల్చడం సాధన చేసే రేంజ్‌లలో జరిగేదే.

ఇంకొకటి చాలామంది చూడరు. ఖాళీ రివాల్వర్‌లో హ్యామర్‌ని వెనక్కి లాగి నిలిపి, ట్రిగ్గర్ ముట్టకుండా, బొటనవేలితో హ్యామర్‌ని వెనక నుంచి ముందుకు కొంచెం గట్టిగా తోయండి. అది పడిపోతే లోపలి భాగాలు అరిగిపోయాయి, లేదా ఎవరో అరగదీసి పాడు చేశారన్నమాట. దాన్ని అక్కడే వదిలేసి రండి. ధర ఎంత తగ్గించినా సరే.

చివరిగా టార్చ్ వేసి బ్యారెల్ వెనక కొస చూడండి. గుండు బ్యారెల్‌లోకి దూరే ఆ చోటుని ఫోర్సింగ్ కోన్ అంటారు. అక్కడ పగులు కనిపిస్తే బేరం ముగిసినట్టే.

మోడల్ 19 విషయంలో ఇది మరీ ముఖ్యం. 1955లో వచ్చిన ఆ రివాల్వర్ నాకు చాలా ఇష్టం, చేతిలో అంత హాయిగా ఒదిగేవి తక్కువ. కానీ మధ్యస్థ సైజు ఫ్రేమ్‌లో, అంటే చట్రంలో, .357 మ్యాగ్నమ్ అనే శక్తిమంతమైన తూటాని ఇమిడ్చారు కాబట్టి, ఫోర్సింగ్ కోన్ అడుగు భాగాన్ని చదునుగా చెక్కాల్సి వచ్చింది. అక్కడ లోహం పలచన. 125 గ్రెయిన్ల, అంటే సుమారు 8 గ్రాముల, తేలికపాటి గుండుతో వేగంగా వెళ్లే మ్యాగ్నమ్ తూటాలు ఎక్కువగా కాలిస్తే సరిగ్గా ఆ పలచని చోటే పగులుతుంది. పాత మోడల్‌కి సరిపోయే కొత్త బ్యారెల్ దొరకడం ఇప్పుడు చాలా కష్టం. స్మిత్ అండ్ వెస్సన్ 1980ల మొదట్లో కొంచెం పెద్ద ఫ్రేమ్‌తో 586, 686 మోడళ్లు తేవడానికి మ్యాగ్నమ్ తూటాల ధాటిని తట్టుకోవాల్సి రావడం ఒక ముఖ్య కారణం. కాబట్టి రోజూ మ్యాగ్నమే కాల్చాలనుకునేవాళ్లు 19ని బలపరచమని నా దగ్గరికి తేవద్దు, 686 కొనుక్కోండి. 19ని .38 స్పెషల్ అనే తక్కువ శక్తి తూటాలతో కాలుస్తూ ఉంటే మీ పిల్లల తరానికి కూడా పనికొస్తుంది.

అపోహ: .38కీ .357కీ గుండు సైజు ఒకటే. గదిని కొంచెం లోతుగా తొలిస్తే .38 రివాల్వరే మ్యాగ్నమ్ అవుతుంది.

వాస్తవం: తూటా కొసన ఉండి బయటికి దూసుకెళ్లే గుండు వ్యాసం ఒకటే అన్నది నిజం. ప్రమాదం మొదలయ్యేదీ అక్కడే. 1935లో .357 మ్యాగ్నమ్ తెచ్చినప్పుడు మందు నింపే దాని ఇత్తడి షెల్‌ని .38 స్పెషల్ కంటే అంగుళంలో ఎనిమిదో వంతుకు కాస్త ఎక్కువ పొడవు ఉంచారు. పాత .38 రివాల్వర్లలో అది పట్టకూడదనే అలా చేశారు. గదిని తొలవడమంటే ఆ జాగ్రత్తని చేతులారా తీసేయడమే.

ఒత్తిడి లెక్క చూడండి. .38 స్పెషల్‌కి అమెరికా పరిశ్రమ ప్రమాణం చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు. ఎక్కువ ఒత్తిడితో చేసే ప్లస్ పీ రకానికి 20,000. .357 మ్యాగ్నమ్‌కి 35,000. అంటే రెట్టింపు కంటే ఎక్కువ. 17,000 కోసం తయారైన సిలిండర్‌లో 35,000 పుట్టించే తూటా పెట్టేందుకు దారి చేస్తున్నారన్నమాట. మొదటి గుండుకే పగలకపోవచ్చు. పగిలే రోజున అది మీ ముఖానికి మూరెడు దూరంలో ఉంటుంది. ఈ పని నేను చేయను. మంచి పేరున్న గన్‌స్మిత్ ఎవరూ చేయరు. చేస్తానని ఎవరైనా అంటే, అతని దగ్గర మీ తుపాకీకి నూనె కూడా పెట్టించవద్దు.

ఇలాంటి మార్పులు చేసిన పాత రివాల్వర్లు అమెరికా మార్కెట్లో ఇప్పటికీ తిరుగుతున్నాయి, అందుకే వాటి గురించి తెలియాలి. రెండో ప్రపంచ యుద్ధంలో స్మిత్ అండ్ వెస్సన్ బ్రిటన్‌కీ కామన్వెల్త్ దేశాలకీ ఐదు లక్షలకు పైగా రివాల్వర్లు పంపింది. విక్టరీ మోడల్ అంటారు. అవి .38 ఎస్ అండ్ డబ్ల్యూ తూటాకి చేసినవి. పేరులో .38 ఉన్నా అది .38 స్పెషల్ కాదు, కాస్త లావు, కాస్త పొట్టి. యుద్ధం తర్వాత వ్యాపారులు వాటిని తిరిగి తెచ్చి, గదులు లోతుగా తొలిచి, బ్యారెల్ పొట్టిగా కోసి .38 స్పెషల్‌గా అమ్మారు. 1963 నవంబరులో డాలస్‌లో అధ్యక్షుడు కెన్నెడీ హత్య కేసు నిందితుడు లీ హార్వీ ఆస్వాల్డ్ దగ్గర పోలీసులు పట్టుకున్నది అలా మార్చిన రివాల్వరే. వాటిలో .38 స్పెషల్ కాలిస్తే సన్నని షెల్ లావు గదిలో ఉబ్బుతుంది, ఒక్కోసారి చీలుతుంది. గుండు కూడా బ్యారెల్‌కి కొంచెం సన్నదే, గురి కుదరదు.

వెబ్లీ మార్క్ 6 కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 1915లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న గట్టి రివాల్వర్ అది. దాని .455 తూటాలు అమెరికాలో దొరక్క, సిలిండర్ వెనక భాగాన్ని చెక్కి .45 ఏసీపీ అనే పిస్టల్ తూటా పట్టేలా చేశారు. .45 ఏసీపీ ప్రమాణ ఒత్తిడి 21,000, అసలు తూటా ఒత్తిడి కంటే చాలా ఎక్కువ. ఇలా చెక్కిన వెబ్లీలో మామూలు .45 ఏసీపీ తూటాలు కాల్చవద్దు. అంత మంచి రివాల్వర్ అలా గోడకి అలంకారంగా మిగిలిపోయింది.

అపోహ: ట్రిగ్గర్ ఎంత తేలికైతే అంత మంచిది.

వాస్తవం: తేలిక వేరు, నునుపు వేరు. మీ వేలికి కావలసింది నునుపు. మంచి గన్‌స్మిత్ లోపలి భాగాలు శుభ్రం చేసి, గరుకుగా రాసుకునే చోట్లను మాత్రమే సవరించి, స్ప్రింగులు చివర్లో చూస్తాడు. కొంతమంది కొత్త తేలిక స్ప్రింగుల కిట్ తెప్పించి ఇంట్లో బిగించేసుకుంటారు. హ్యామర్ దెబ్బ బలం తగ్గి, తూటా అడుగున ఉండి మందుని అంటించే ప్రైమర్ పేలదు. రేంజ్‌లో అయితే విసుగుతో పోతుంది. ఇంటి రక్షణకని పెట్టుకున్న రివాల్వర్ అయితే ఆ క్లిక్ శబ్దానికి మూల్యం ఎంతో ఊహించుకోండి. చేత్తో పట్టుకునే గ్రిప్ ముందు భాగంలో ఉండే చిన్న స్క్రూని వదులు చేసి ట్రిగ్గర్ తేలిక చేశామనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ స్క్రూ మెయిన్ స్ప్రింగ్‌కి బిగువునిచ్చేది, పూర్తిగా బిగించే ఉండాలి. సెకండ్‌హ్యాండ్‌గా కొన్నదానిలో తూటాలు సరిగా పేలడం లేదంటే నేను మొదట చూసేది దాన్నే.

న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలు రివాల్వర్లు వాడిన రోజుల్లో వాటిని హ్యామర్ వెనక్కి నిలపడానికి వీల్లేకుండా, ప్రతిసారీ ట్రిగ్గర్‌ని పూర్తిగా లాగే పద్ధతికి మార్చుకున్నాయి. కంగారులో వేలు తేలిక ట్రిగ్గర్ మీద పడితే ఏమవుతుందో వాళ్లకు అనుభవం. మీరు మాత్రం దానికి ఎదురు దిశలో ఎందుకు వెళ్లాలి?

ట్రిగ్గర్ బరువుగా ఉందన్నవాళ్లకు నేను చెప్పేది, ముందు శుభ్రం చేయించండి. ఏళ్ల తరబడి గట్టిపడిన నూనె తీసేస్తే చాలా రివాల్వర్లు తమంతట తామే హాయిగా కదులుతాయి.

అపోహ: చేతులు చిన్నవి కాబట్టి చిన్న రివాల్వరే తేలిక. కాల్చినప్పుడు చేతికి తగిలే దెబ్బ ఎక్కువైతే రబ్బరు గ్రిప్ వేయించుకుంటే చాలు.

వాస్తవం: భార్య కోసమని చిన్న 642 మోడల్ కొని తెచ్చేవాళ్లు చాలామంది. అల్యూమినియం మిశ్రమ ఫ్రేమ్, బరువు 400 గ్రాముల పైచిలుకు. జేబులో పెట్టుకోవడానికి తేలిక, కాల్చడానికి కాదు. తుపాకీ బరువు తగ్గేకొద్దీ దెబ్బంతా అరచేతికి వస్తుంది. నాలుగైదు గుండ్లకే భయం పట్టుకుని, ఆ తర్వాత రేంజ్‌కే రానన్న అక్కలు, చెల్లెళ్లు నాకు తెలుసు. రబ్బరు గ్రిప్ కొంత తగ్గిస్తుంది కానీ లేని బరువుని తేలేదు. ఇక్కడ మార్పు దండగ, ఇంకొకటి కొనడమే సరి. కిలో బరువుకి దగ్గరగా ఉండే మోడల్ 10 గానీ, స్టెయిన్‌లెస్ మోడల్ 64 గానీ తీసుకుని, దానికి సన్నని గ్రిప్ వేయిస్తే చిన్న చేతులకు బాగా కుదురుతుంది. గ్రిప్ మార్చడం స్క్రూడ్రైవర్ పని, పాతది డబ్బాలో దాచుకోండి. కొనేది ఎవరి కోసమో వాళ్లనే షాపుకి తీసుకురండి. ఇది మాత్రం బతిమాలి చెప్తున్నాను.

అపోహ: మళ్లీ బ్లూయింగ్, అంటే తుప్పు పట్టకుండా వేసే నల్లని పూత, చేయిస్తే విలువ పెరుగుతుంది.

వాస్తవం: కోల్ట్ కంపెనీ పాత పైథాన్ రివాల్వర్ లాంటివాటికి తగ్గుతుంది. సేకరించేవాళ్లు అరిగిపోయిన అసలు పూతకే ఎక్కువిస్తారు. పైగా అనుభవం లేని చేతుల్లో పాలిష్ చేస్తే అంచులు గుండ్రబడి, అక్షరాలు చెదిరిపోతాయి. ఆ అక్షరాల్లో సీరియల్ నంబర్ కూడా ఉంటుంది. అది చెరిగితే విలువ మాట అటుంచి, చట్టంతో తంటా. నిజంగా తుప్పు పట్టి, సేకరణ విలువ లేని రివాల్వర్‌కైతే బ్లూయింగ్ నిక్షేపంగా చేయించుకోండి.

అపోహ: మార్పించుకోవడమే చవక.

వాస్తవం: ఒక్క పని అయితే చవకే. కానీ ఎవరూ ఒక్క పనితో ఆగరు. ట్రిగ్గర్ పని, ఆ తర్వాత గురి చూసుకునే సైట్లు, ఆ తర్వాత బ్యారెల్. ఫ్రేమ్‌లోనే మలిచిన సైట్లున్న మోడల్ 10కి అడ్జస్టబుల్ సైట్లు పెట్టాలంటే మిల్లింగ్ యంత్రం ఎక్కించాలి. అవే సైట్లతో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మోడల్ 15 సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. పాత కోల్ట్‌ల సంగతి వేరు. వాటి లోపలి యంత్రాంగం తెలిసిన గన్‌స్మిత్‌లు తగ్గిపోతున్నారు, విడిభాగాలు దొరకవు, వంతు కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. అమ్మేటప్పుడు మార్పులకు పెట్టిన డబ్బు తిరిగి రాదు. నేను చేసిన పని మీదే నేను ఈ మాట అంటున్నాను.

అపోహ: నా రివాల్వర్, నా ఇష్టం. మార్పులకు కాగితాలతో పనేముంది?

వాస్తవం: గ్రిప్, సైట్లు, స్ప్రింగులకు ఫెడరల్ కాగితాలేమీ అక్కర్లేదు. కానీ రివాల్వర్‌కి భుజానికి ఆనించుకునే కర్ర తగిలిస్తే, 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ చట్టం కింద అది వేరే రకం ఆయుధమైపోతుంది. ముందస్తు అనుమతి లేకుండా చేస్తే తీవ్రమైన నేరం. రిపేరుకి నా దగ్గర వదిలి వెళ్లినదాన్ని నేను రిజిస్టర్‌లో రాసుకుంటాను. దాన్ని తెచ్చినవారికే తిరిగి ఇస్తే కొత్తగా బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉండదు. "మా బావగారు వచ్చి తీసుకుంటారు" అంటే మాత్రం తుపాకీ చేతులు మారేటప్పుడు నింపే ఫెడరల్ ఫారం 4473 నింపాల్సిందే, చెక్ అవ్వాల్సిందే.

ఇంకొకటి కొనేటప్పుడు రాష్ట్రాన్ని బట్టి లెక్క మారుతుంది. న్యూజెర్సీలో ఒక్కో హ్యాండ్‌గన్‌కీ విడిగా పర్మిట్ తీసుకోవాలి. ఆ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఉన్నవాళ్లు ఇది ముందే చూసుకోవాలి. కాలిఫోర్నియాలో పది రోజులు ఆగాలి. ఇల్లినాయ్‌లో తుపాకీ యజమానులకు రాష్ట్రం ఇచ్చే ఫాయిడ్ కార్డు ఉండాలి. వేరే రాష్ట్రంలో గన్ షోకి వెళ్లి నచ్చిన రివాల్వర్‌ని అక్కడికక్కడే ఇంటికి తెచ్చుకోలేరు, మీ సొంత రాష్ట్రంలోని లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానే అది మీ చేతికి రావాలి.

రేంజ్‌కి వాడే బ్యాగ్‌ని ఇండియా ప్రయాణానికి అస్సలు వాడకండి. అడుగున మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో కనపడితే ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది.

నా దగ్గరికి గానీ, మీ ఊళ్లోని ఏ గన్‌స్మిత్ దగ్గరికి గానీ వచ్చేటప్పుడు రివాల్వర్‌ని ఖాళీ చేసి, పెట్టెలో పెట్టి తీసుకురండి. తూటాలు ఇంట్లోనే ఉంచండి. దాన్ని దేనికి వాడదలచుకున్నారో, నెలకి ఎన్ని తూటాలు కాలుస్తారో, ఏ రకం తూటాలో ఒక కాగితం మీద రాసుకుని రండి. కొనే ముందే చూపించాలనుకుంటే అమ్మేవాళ్లను అడిగి నన్ను ఫోన్‌లో వీడియో కాల్‌లోకి తీసుకోండి. సిలిండర్ కదలిక, ఫోర్సింగ్ కోన్ చూడడానికి ఐదు నిమిషాలు చాలు.