ఒంగోలు ఆవుకి బీ12 ఎక్కడిది?

ప్రకాశం జిల్లా మెట్ట ఊళ్లలో ఎండుచొప్ప నమిలే ఒంగోలు ఆవుకి బీ12 విటమిన్ ఎక్కడి నుంచి వస్తుంది? చొప్పలో అది ఉండదు. మొక్కలకి దాన్ని తయారుచేయడం చేతకాదు, జంతువులకీ అంతే. ఆవు పొట్టలో కాపురముండే బ్యాక్టీరియా ఆ పని చేసిపెడుతుంది. దానికి మేతలో కాస్త కోబాల్ట్ అందితే చాలు. నెల్లూరు చేపల పులుసులో మనకి దక్కే బీ12 కూడా మొదట ఏదో బ్యాక్టీరియా చేసిందే. చేప దాన్ని మేతతో పాటు పోగేసుకుంది, అంతే.

మరి మందుల షాపులో కొనే బిళ్ళ? అదీ బ్యాక్టీరియా చేసేదే. బీ12ని ల్యాబులో చేయలేక కాదు. హార్వర్డ్‌లో వుడ్‌వర్డ్, జూరిక్‌లో ఎషెన్‌మోజర్ వందమంది దాకా రసాయన శాస్త్రవేత్తలతో దాదాపు 12 ఏళ్లు తంటాలు పడి 1972లో సాధించారు. ఒకదాని తర్వాత ఒకటిగా సుమారు 70 రసాయన చర్యల మెట్లు! ఒక్కో మెట్టులో నూటికి 90 వంతులు దక్కినా, వరసగా 70 దాటేసరికి మిగిలేది నూటికి 0.06 వంతు. (వాళ్లు ముక్కలు విడివిడిగా కట్టి అతికించారు కాబట్టి లెక్క మరీ ఇంత అన్యాయంగా ఉండదు. కానీ ప్రతి మెట్టులోనూ 90 రావడం మాత్రం మాటలా?) విద్యగా అద్భుతం, వ్యాపారంగా దివాలా.

అందుకే ఫ్యాక్టరీలు ఆవు దారే పట్టాయి. పెద్ద స్టీలు ట్యాంకుల్లో స్యూడోమొనాస్ లాంటి బ్యాక్టీరియాకి మొలాసిస్ (చక్కెర మడ్డి), కోబాల్ట్ లవణం, గాలి అందిస్తారు. మంచి రకాల్ని ఏరి ఏరి పెంచినా లీటరుకి గ్రాము కూడా రాదు. అయినా బెంగలేదు. మనిషికి రోజుకి కావలసింది సుమారు 2.5 మైక్రోగ్రాములే కాబట్టి, ఒక్క గ్రాముతో 4 లక్షల మందికి ఒకరోజు గడిచిపోతుంది. చివర్లో సయనైడ్ కలిపితే నిలవ ఉండే ఎర్రటి స్ఫటికాలు వస్తాయి. పేరు విని టెన్షన్ పడక్కర్లేదు, బిళ్ళలో అది లెక్కలోకి రానంత తక్కువ.

బీకాంప్లెక్స్ వేసుకున్నాక మూత్రం పచ్చగా వచ్చేది బీ2 వల్ల. దాన్ని చాలాకాలం రసాయన పద్ధతిలోనే ఎక్కువగా చేసేవారు. 1990ల నుంచి బూజు, బ్యాక్టీరియా ఆ పని లాగేసుకున్నాయి. ఆ బూజు ఆష్‌బ్యా గాసిపీ, పత్తికాయల్ని పాడుచేసే రకం! తన అవసరానికి ఎన్నో రెట్లు బీ2 చేసి పసుపుపచ్చగా మారిపోతుంది. ఎలా చేసినా అణువు ఒకటే. డబ్బా మీద ‘సహజం’ అని రాసి నాలుగు రూపాయలు ఎక్కువ అడిగితే నేనైతే ఇవ్వను.

ఫోలిక్ యాసిడ్ (బీ9) దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1940లలో అమెరికాలోని లెడర్లీ ల్యాబులో దాన్ని తయారుచేసింది. గర్భిణులకి ఇచ్చే ఐరన్ బిళ్ళల్లో కలిసేది ఇప్పటికీ రసాయన పద్ధతిదే. అణువు చిన్నది, మెట్లు కొద్ది. సూక్ష్మజీవులేమో ఫోలేట్‌ని (ఇదే విటమిన్ సహజ రూపం) తమకి సరిపడా చేసుకుని ఊరుకుంటాయి.