అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఫెలోషిప్‌లు: అపోహలు - వాస్తవాలు

అణ్వస్త్రాల వ్యాప్తిని అడ్డుకునే ఈ రంగంలో పనిచేస్తున్నానని తెలిసి ఫెలోషిప్‌ల గురించి అడిగే మనవాళ్లంతా మార్కుల దగ్గరే మొదలుపెడతారు. నేను మాత్రం ముందు ఏ దేశం పాస్‌పోర్టని అడుగుతాను.

అపోహ: అమెరికాలో ఎంఎస్ చేస్తుంటే అక్కడి ఏ ఫెలోషిప్‌కైనా అప్లై చేయొచ్చు.

వాస్తవం: అమెరికా ఇంధన శాఖలో అణ్వస్త్రాల వ్యవహారాలు చూసే విభాగం ఎన్‌ఎన్‌ఎస్‌ఏ. దాని గ్రాడ్యుయేట్ ఫెలోషిప్‌కి అమెరికా పౌరసత్వం తప్పనిసరి. ఎఫ్-1 వీసా సంగతి సరే, గ్రీన్‌కార్డు ఉన్నా కుదరదు. ఇది చదువు ఫీజుకి డబ్బిచ్చే స్కాలర్‌షిప్ కూడా కాదు, దాదాపు ఏడాదిపాటు జీతం తీసుకుంటూ చేసే ఉద్యోగం. రహస్య సమాచారం చూడాలి కాబట్టి ఇంధన శాఖ ఇచ్చే క్యూ క్లియరెన్స్ అనే భద్రతా అనుమతి కావాలి.

అపోహ: ఇండియాలో అమ్మమ్మా తాతయ్యా ఉంటే ఆ క్లియరెన్స్ రాదు.

వాస్తవం: అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లలు కొందరు ఈ టెన్షన్‌తోనే వెనక్కి తగ్గుతారు. విదేశంలో బంధువులు ఉన్నంత మాత్రాన తిరస్కరించరు. క్లియరెన్స్ కోసం మన వివరాలన్నీ నింపే ఎస్‌ఎఫ్-86 ఫారంలో అడిగింది దాచిపెడితేనే అసలు చిక్కు. గుంటూరు బాబాయి పేరు రాయాల్సి వస్తే రాసేయండి. ఇంకో సంగతి, తల్లిదండ్రుల ముందు ఎవరూ అడగరు కాబట్టి చెబుతున్నా: గంజాయికి రాష్ట్రం అనుమతిచ్చినా, క్లియరెన్స్ ఇచ్చేవాళ్లు చూసేది ఫెడరల్ చట్టాన్నే.

అపోహ: న్యూక్లియర్ ఫిజిక్స్ చదివినవాళ్లకే చోటు.

వాస్తవం: అణు తనిఖీల్లో చాలా భాగం రేషన్ షాపు స్టాకు రిజిస్టరు సరిచూడటం లాంటి పనే. ప్లుటోనియం అయితే 8 కిలోలు, బాగా శుద్ధిచేసిన యురేనియంలో యురేనియం-235 అయితే 25 కిలోలు. అంత పదార్థం లెక్కకు అందకపోతే బాంబు తయారయ్యే అవకాశాన్ని కొట్టిపారేయలేమని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్క. ఇన్‌స్పెక్టర్లు ప్లాంటు పుస్తకాల్లోని అంకెలను తమ కొలతలతో పోల్చుకుంటారు. సీళ్లు, కెమెరాలు చూస్తారు. అయితే ఏ కొలతైనా కాస్త అటూఇటూ అవుతుంది. టన్నులకొద్దీ సరుకు కదిలే ప్లాంటులో అర శాతం తేడా అంటే కిలోల్లో తేలుతుంది. అది కొలతలో వచ్చిన తేడానా, ఎవరైనా తీసిందా? అక్కడ ఫిజిక్స్ కంటే స్టాటిస్టిక్స్ ఎక్కువ పనికొస్తుంది. ఉపగ్రహ చిత్రాలు చదవగలిగేవాళ్లు, ఎగుమతి చట్టాలు తెలిసినవాళ్లు, పర్షియన్, కొరియన్ వచ్చినవాళ్లు కూడా కావాలి.

అపోహ: భారత్ అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం (ఎన్‌పీటీ)పై సంతకం చేయలేదు, కాబట్టి వియన్నాలో మనకు తలుపులు మూసేశారు.

వాస్తవం: ఆ ఒప్పందం వేరు, వియన్నాలోని అణుశక్తి సంస్థలో సభ్యత్వం వేరు. 1957 నుంచీ భారత్ అందులో సభ్యదేశం. హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లోనే ఆ సంస్థ తనిఖీ కిందికి వచ్చే విభాగాలున్నాయి. 2020లో ఆ సంస్థ మొదలుపెట్టిన మేరీ స్క్లొడోవ్‌స్కా-క్యూరీ ఫెలోషిప్‌కి మన అమ్మాయిలు అప్లై చేయొచ్చు. మాస్టర్స్‌కే ఇస్తారు, పీహెచ్‌డీకి కాదు. చదువుకి ఆర్థిక సాయం, ఆ తర్వాత ఇంటర్న్‌షిప్ అవకాశం. ఇంజినీరింగ్ వాళ్లకే అనుకోకండి, అణు భద్రత, వ్యాప్తి నిరోధం ప్రధానంగా ఉన్న కోర్సులూ ఇందులోకి వస్తాయి.