గెలిచే గుర్రం వేరు, గిట్టుబాటయ్యే గుర్రం వేరు

"ఏ గుర్రం గెలుస్తుందో చెప్పే సాఫ్ట్‌వేర్ ఉందా?" గణితం, కంప్యూటర్ల గురించి రాసేవాళ్లను పాఠకులు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఉంది. అందులో ఒక్క ఆదేశం ఉంటే చాలు: ఆడ్స్, అంటే పందెం ధర, అన్నిటికన్నా తక్కువగా ఉన్న గుర్రం (ఫేవరెట్) పేరు చూపించు. చాలా దేశాల్లో ఫేవరెట్ దాదాపు మూడు రేసుల్లో ఒకటి గెలుస్తుంది. అంతకు మించి గెలుపు గుర్రాల్ని పట్టుకోవడం ఎంత పెద్ద ప్రోగ్రాముకైనా కష్టమే. అయినా ఆ ఒక్క ఆదేశాన్ని నమ్మి రేసు రేసుకీ పందెం కాస్తే డబ్బు మెల్లగా కరిగిపోతుంది. ఫేవరెట్ గెలుస్తుందని అందరికీ తెలుసు, ఆ తెలిసిన సంగతి ధరలో ముందే కలిసిపోయింది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి: ఈ గుర్రానికి నిజంగా ఉన్న అవకాశంతో పోలిస్తే ఈ ధర గిట్టుబాటవుతుందా?

ఆరు గుర్రాల రేసు ఒకటి ఊహిద్దాం. దశాంశ ఆడ్స్ ఇవి: క 2.5, ఖ 4, గ 5, ఘ 8, చ 13, ఛ 26. ఒక యూనిట్ కాసి గెలిస్తే అసలుతో కలిపి చేతికొచ్చేది ఇంత అని అర్థం. ఒకటిని ఆడ్స్‌తో భాగిస్తే వరసగా 40, 25, 20, 12.5, 7.7, 3.85 శాతం వస్తాయి. కూడితే 109. గెలిచేది ఒకటే గుర్రం కనుక 100 రావాలి. పైనున్న 9 పందెం నడిపేవాళ్ల మార్జిన్. ఒక్కోదాన్నీ 1.09తో భాగిస్తే మార్కెట్ అసలు అభిప్రాయం బయటపడుతుంది: 36.7, 22.9, 18.3, 11.5, 7.1, 3.5 శాతం. ఇవి జనం చెప్పిన సంఖ్యలు. మన ప్రోగ్రాము తన సంఖ్యలు తను చెప్పాలి.

ఇందుకు ఎక్కువగా వాడేది కండిషనల్ లాజిట్ అనే గణాంక పద్ధతి. ప్రయాణికుడు బస్సు ఎక్కుతాడా, కారు తీస్తాడా లాంటి ఎంపికల్ని విశ్లేషించడానికి డేనియల్ మెక్‌ఫాడెన్ 1970లలో దీన్ని తీర్చిదిద్దాడు, 2000లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. బోల్టన్, చాప్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో దీన్ని గుర్రప్పందేలకు అన్వయించారు. రేసు కూడా ఒక ఎంపికే, బరిలో ఉన్నవాటిలోంచి ఒక గుర్రాన్ని ఎంచుకుంటుంది. గత రేసుల్లో వేగం, మోస్తున్న బరువు, గేటు నంబరు, చివరి రేసు జరిగి ఎన్ని రోజులైంది, జాకీ, ట్రైనర్ రికార్డు, వీటిలో ప్రతిదానికీ ఒక గుణకం ఇచ్చి కూడితే గుర్రానికి ఒక స్కోరు వస్తుంది. ఆ స్కోరును e అనే సంఖ్యకు ఘాతంగా ఎక్కించి (ఎక్స్‌పోనెన్షియల్), ఆ రేసులోని అన్ని గుర్రాల మొత్తంతో భాగిస్తే సంభావ్యత. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సర్వైవల్ ప్యాకేజీలోని క్లాజిట్, పైథాన్‌లో స్టాట్స్‌మోడల్స్‌లోని కండిషనల్ లాజిట్ ఈ పని చేస్తాయి. మనం చెప్పాల్సింది ఏ వరసలు ఒకే రేసుకు చెందినవో మాత్రమే.

ఈ భాగహారంలో మొదటిసారి చేసేవాళ్లు పట్టించుకోని విశేషం ఒకటుంది. రేసులో అన్ని గుర్రాలకూ సమానమైనది ఏదైనా పైనా కిందా కొట్టుకుపోతుంది. నేల తడిగా ఉంది, దూరం 1,600 మీటర్లు అని కాలమ్‌లు పెట్టినంత మాత్రాన ఫలితం వెంట్రుకవాసి కూడా మారదు. పెట్టాల్సింది ఈ గుర్రం గతంలో తడి నేల మీద ఎలా పరిగెత్తింది, ఈ దూరానికీ అది బాగా పరిగెత్తిన దూరానికీ తేడా ఎంత అన్నది.

డేటా దగ్గర జరిగే పొరపాట్లు మూడు రకాలైతే, మూడూ లాభం ఉన్నట్టు చూపించేవే. జాకీ గెలుపు శాతాన్ని మొత్తం ఫైలు మీద లెక్కిస్తే రేపటి రేసుల ఫలితం నిన్నటి అంచనాలోకి దూరుతుంది. ప్రతి సగటూ ఆ రేసు ముందురోజు దాకా ఉన్న రికార్డుతోనే కట్టాలి. డేటాను శిక్షణకూ పరీక్షకూ యాదృచ్ఛికంగా విడగొట్టడం కూడా అలాంటిదే, తేదీ ప్రకారం విడగొట్టాలి. ఉదయం పందెం కాసేవాళ్లు పరీక్షలో చివరి నిమిషపు ఆడ్స్ వాడటం మూడోది. ఇక తొలిసారి పరిగెత్తే గుర్రాల సంగతి. వాటికి గతం లేదు. ఖాళీగా ఉన్న టైము గడిలో ప్రోగ్రాము సున్నా నింపిందంటే, సున్నా సెకన్లలో పరుగు ముగించిన గుర్రం తయారవుతుంది! అక్కడ కొత్త గుర్రాల సగటు పెట్టి, "మొదటి రేసు" అని వేరే గుర్తు ఇవ్వాలి.

సరే, మన మోడల్ ఆరు గుర్రాలకూ 30, 20, 25, 10, 7, 8 శాతం చెప్పిందనుకుందాం. సంభావ్యతను ఆడ్స్‌తో గుణిస్తే, ఒకటి దాటినవి గిట్టుబాటు. గ: 0.25 × 5 = 1.25. ఛ: 0.08 × 26 = 2.08. అంటే ఛ మీద 108 శాతం లాభమట! అమ్మకానికొచ్చే చాలా సాఫ్ట్‌వేర్లు ఇక్కడే ఆగిపోయి తెర మీద పచ్చరంగు వెలిగిస్తాయి.

అసలు శాస్త్రం ఇక్కడినుంచే మొదలవుతుంది. మోడల్‌నీ మార్కెట్‌నీ ఇద్దరు సాక్షులనుకోండి. మోడల్ అనే సాక్షి కాగితాలన్నీ తు.చ. తప్పకుండా చదివాడు కానీ గుర్రాన్ని కళ్లతో చూడలేదు. మార్కెట్ అనే సాక్షికి కాగితాల మీద అంత శ్రద్ధ లేదు, కానీ పొద్దున ప్రాక్టీసు చూసినవాడి మాట, లాయంలో పనిచేసేవాడి మాట, ప్యాడక్‌లో (రేసుకు ముందు గుర్రాల్ని నడిపించే చోట) గుర్రం కుంటుతోందని గమనించినవాడి మాట అన్నీ విన్నాడు. ఇద్దరూ ఒకటే చెప్పినచోట చిక్కే లేదు. పందెం కాసేది మాత్రం ఇద్దరూ విభేదించినచోట. మోడల్ పొరబడ్డ గుర్రాలు సరిగ్గా అక్కడే పోగవుతాయి. లాభం కనబడిన గుర్రాల్ని ఏరుకోవడమంటే, తెలియకుండానే మోడల్ తప్పుల్ని కూడా ఏరుకోవడం. అందుకే 25 శాతం అని మోడల్ చెప్పి, మార్కెట్ 18 అన్న గుర్రాలన్నిటినీ ఏడాది చివర లెక్కేస్తే గెలుపు శాతం ఆ రెంటికీ మధ్యలో తేలుతుంది.

మధ్యలో అంటే ఎక్కడ? దీనికి జవాబు చెప్పింది విలియం బెంటర్. 1980లలో హాంకాంగ్ వెళ్లి, మొదట అలన్ వుడ్స్‌తో కలిసి కంప్యూటర్ సాయంతో పందేలు కాసిన ఈ అమెరికన్, 1994లో తన పద్ధతిని వ్యాసంగా ప్రచురించాడు. మోడల్ సంభావ్యత లాగరిథమ్‌ను ఆల్ఫాతో, మార్కెట్ సంభావ్యత లాగరిథమ్‌ను బీటాతో గుణించి కూడి, మళ్లీ అదే లాజిట్ భాగహారం చెయ్యాలి. ఆల్ఫా, బీటాలను మనం ఊహించి పెట్టకూడదు, వేల పాత రేసుల ఫలితాలే చెప్పాలి. జనానికి తెలియనిది మోడల్‌కి ఎంత తెలుసో ఆల్ఫా చెబుతుంది. మార్కెట్‌కు ముందే తెలిసిన మాటనే మోడల్ వల్లిస్తుంటే అది సున్నాకు దిగిపోతుంది.

ఉదాహరణకు ఆల్ఫా 0.4, బీటా 0.7 వచ్చాయనుకుందాం. మన ఆరు గుర్రాల సంభావ్యతలు 36.2, 22.2, 20.7, 10.3, 6.4, 4.1 శాతంగా మారతాయి. గ మీద లాభం 25 శాతం నుంచి 4 శాతం లోపుకి పడిపోయింది. ఛ మీద 108 కాస్తా 8 అయింది. పందెం కాసేవాళ్లు తమలో తాము కాసుకునే ఎక్స్ఛేంజ్‌లో గెలుపు మీద 5 శాతం కమీషన్ ఉంటే 5 ఆడ్స్ నికరంగా 4.8, గ మీద మిగిలేది 0.207 × 4.8 = 0.994. గిట్టదు!

ఛ సంగతి ఇంకా నాజూకు. 4.1 శాతం అన్నది ఒక్క పాయింటు తప్పై అసలు 3.1 అయితే, 8 శాతం లాభం కాస్తా సుమారు 18 శాతం నష్టమవుతుంది. అదే ఒక్క పాయింటు తప్పు గ దగ్గర జరిగితే 4 శాతం లాభం 1 శాతం నష్టమవుతుంది, అంతే. ఆడ్స్ పెరిగేకొద్దీ సంభావ్యతలోని చిన్న తప్పు పెద్దదై కూర్చుంటుంది.

బీటా ఇంకో పని కూడా చేస్తుంది. జనం ఫేవరెట్ల మీద తక్కువగా, గెలుపు ఆశ లేని గుర్రాల మీద ఎక్కువగా కాస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ గ్రిఫిత్ 1949లోనే చూపించాడు. అలాంటి చోట మార్కెట్ ఒక్కదాన్నే పెట్టి లెక్కిస్తే బీటా ఒకటి దాటుతుంది. అయితే హాంకాంగ్ పందేల్లో ఈ మొగ్గు కనబడలేదని 1988లో బుష్, హాల్ చూపించారు. అందుకే ఒక దేశంలో తేలిన గుణకాల్ని ఇంకో దేశంలో వాడకూడదు. ఆల్ఫా కట్టేటప్పుడు మరో జాగ్రత్త ఉంది. మోడల్‌కు శిక్షణ ఇచ్చిన రేసులతోనే ఆల్ఫా కడితే అది ఉబ్బిపోతుంది, ఆ రేసుల జవాబులు మోడల్‌కు కంఠతా వచ్చు కదా. మొదటి మూడేళ్ల డేటాతో మోడల్, నాలుగో ఏడాది మీద ఆల్ఫా బీటాలు, అయిదో ఏడాది మీద పరీక్ష. అయిదో ఏడాదిని మధ్యలో ఒక్కసారి తొంగి చూసి మోడల్ మార్చినా అది పరీక్ష కిందికి రాదు.

ఆ పరీక్షలో లాభనష్టాల్ని మొదట చూడకండి. ప్రతి రేసులో గెలిచిన గుర్రానికి మనం ముందుగా ఇచ్చిన సంభావ్యత లాగరిథమ్ తీసి సగటు కట్టండి. మార్కెట్ ఒక్కదానికీ అదే సగటు కట్టండి. కలిపిన మోడల్ సగటు మార్కెట్‌ది దాటకపోతే చేతిలో ఏమీ లేనట్టే. లాభం మాత్రం చాలా ఆలస్యంగా నిజం చెబుతుంది. 5 ఆడ్స్ దగ్గర 5 శాతం లాభం నిజంగానే ఉందనుకున్నా, ఒక్కో పందెం ఫలితం ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ ఫలితం ఊగే కొలత) రెండు యూనిట్లకు పైనే. 400 పందేల తర్వాత కూడా సగటులో ప్రామాణిక దోషం 10 శాతం ఉంటుంది. ఆ 5 శాతం అదృష్టం కాదని రెండు ప్రామాణిక దోషాల దూరంలో చెప్పాలంటే దాదాపు 6,600 పందేలు కావాలి. 26 ఆడ్స్ గుర్రాల మీదైతే నలభై వేలు దాటతాయి.

బళ్లో సంభావ్యత నేర్పేటప్పుడు నాణేలు, పాచికలతోనే సరిపెడతారు. అక్కడ జవాబు ముందే తెలుసు. సంభావ్యతే తెలియనప్పుడు దాన్ని ఎలా అంచనా వెయ్యాలో, ఆ అంచనా ఎంత ఊగుతుందో నేర్పడానికి గుర్రప్పందేల పాత ఫైలును మించిన పాఠం లేదు. కలిసొచ్చే నంబరు, జాకీ చొక్కా రంగు చూసి కాసేవాళ్లను నవ్వుకుంటాం కానీ, కంప్యూటర్ ముందు కూర్చుని ఇరవై రకాల వడపోతలు ప్రయత్నించి వాటిలో లాభం చూపించినదాన్ని పట్టుకోవడం కూడా అదే మూఢనమ్మకం. దేనిలోనూ పస లేకపోయినా, ఒక్కోటి అదృష్టవశాత్తూ నెగ్గే అవకాశం 5 శాతం అనుకుంటే, ఇరవైలో కనీసం ఒకటి నెగ్గే అవకాశం 64 శాతం.

ఎంత కాయాలన్నదానికి బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో ఇచ్చిన సూత్రం ఉంది. లాభాన్ని, ఆడ్స్‌లోంచి ఒకటి తీసేసినదానితో భాగిస్తే, చేతిలో ఉన్న మొత్తంలో కాయాల్సిన వంతు వస్తుంది. మోడల్‌ను ఒంటరిగా నమ్మితే గ మీద 6.25 శాతం, ఛ మీద 4.3 శాతం కాయమంటుంది. కలిపిన అంచనాతో, కమీషన్ లేకపోతే, గ మీద 0.9, ఛ మీద 0.3. ఆరేడు రెట్లు, పద్నాలుగు రెట్లు తేడా! కెల్లీ చెప్పినదానికి రెండు రెట్లు దాటి కాసేవాడు, లాభం ఉన్న పందేల్లో కూడా కాలక్రమేణా డబ్బంతా పోగొట్టుకుంటాడు. అందుకే అనుభవజ్ఞులు సూత్రం చెప్పినదాంట్లో సగమో పావో కాస్తారు.

టోట్ పందేల్లో, అంటే అందరి పందెం డబ్బూ ఒక పూల్‌లో చేరి, మినహాయింపు పోను గెలిచినవాళ్లకు పంచే పద్ధతిలో, ఇంకో చిక్కు ఉంది, అక్కడ ధర మన పందెంతోనే మారుతుంది. గెలుపు పూల్‌లో 1,00,000 యూనిట్లున్నాయి, నిర్వాహకులు 17.5 శాతం మినహాయిస్తారు, ఒక గుర్రం మీద 16,500 ఉన్నాయి. డివిడెండ్, అంటే గెలిస్తే ఒక యూనిట్‌కు చేతికొచ్చేది, 82,500ను 16,500తో భాగిస్తే 5. ఆ గుర్రానికి 21 శాతం అవకాశం ఉందని మన అంచనా, అంటే లాభం 5 శాతం. మనం 1,000 కాస్తే పూల్ 1,01,000, గుర్రం మీద 17,500, డివిడెండ్ 4.76. లాభం దాదాపు సున్నా. 500 దగ్గర ఆగితే డివిడెండ్ 4.88, ఆశించగల లాభం సుమారు 12 యూనిట్లు, అదే గరిష్ఠం. లక్ష యూనిట్ల పూల్‌లో ఇంత కష్టానికి మిగిలేది అంతే. పైగా పూల్‌లోకి పెద్ద మొత్తాలు గేట్లు తెరుచుకునే ముందు చివరి నిమిషంలో వచ్చిపడతాయి. అందుకని ప్రోగ్రాము తెర మీద కనబడే 5ను కాకుండా, ఆ డబ్బు పడ్డాక మిగలబోయే డివిడెండ్‌ను అంచనా కట్టాలి. పాత రేసుల్లో చివరి అయిదు నిమిషాల ఆడ్స్‌ను నిమిషానికొకసారైనా భద్రపరచుకోకపోతే ఆ అంచనాకు ఆధారమే ఉండదు. తుది డివిడెండ్లు మాత్రమే ఉన్న ఫైలుతో టోట్ ప్రోగ్రామును పరీక్షించడం కుదరదు.