యు-40 సీసా, యు-100 సిరంజి: ఇన్సులిన్ పాఠం వెనుక వందేళ్ల కథ

డాక్టరు రాసింది 20 యూనిట్ల ఇన్సులిన్. ఇంట్లోవాళ్లు సిరంజిలో 20 గీత దాకానే లాగారు. అయినా ఒంట్లోకి వెళ్లింది 8 యూనిట్లే. సీసాలో ఉన్నది మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందు (యు-40), చేతిలో ఉన్నది మిల్లీలీటరుకు 100 యూనిట్ల సిరంజి (యు-100). ఆ సిరంజిలో 20 గీత అంటే 0.2 మి.లీ. మాత్రమే. ఇదే పొరపాటు తిరగబడిందనుకోండి: ఇన్సులిన్ పెన్నులో పెట్టే మందు గొట్టం, అంటే కాట్రిడ్జ్‌లోని 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజితో 20 గీత దాకా లాగితే 0.5 మి.లీ. వస్తుంది, అంటే 50 యూనిట్లు.

మొదటి పొరపాటు చాలా రోజులు బయటపడదు. షుగరు దిగడం లేదని డాక్టరు మోతాదు పెంచుతూ పోతారు. ఎప్పుడో ఒకరోజు షాపులో సరైన సిరంజి దొరుకుతుంది, అప్పటిదాకా పెంచిన మోతాదంతా ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్తుంది. రెండో పొరపాటుకు అంత వ్యవధి కూడా ఉండదు. రాత్రి సూది వేసుకుని పడుకున్న మనిషి షుగరు పడిపోయి తెల్లవారేసరికి పలకకపోవచ్చు.

దీన్ని రోగి చదువు మీదకో, తెలివి మీదకో నెట్టడం అన్యాయం. ఒకే మందుకు రెండు బలాలు, రెండు రకాల సిరంజిలు ఎలా వచ్చాయో, వాటి తేడా చెప్పే పని నర్సు చేతికి ఎప్పుడు వచ్చిందో, డిశ్చార్జి రోజు ఆ పని ఎందుకు కుంచించుకుపోతోందో తెలియాలంటే మొదటికి వెళ్లాలి.

1922 జనవరి 11న టొరంటో జనరల్ ఆసుపత్రిలో 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు మొదటి ఇన్సులిన్ సూది పడింది. ఆ మందులో మలినాలు ఎక్కువ, ఫలితం అంతంతమాత్రం. జీవరసాయన శాస్త్రవేత్త జేమ్స్ కొలిప్ శుద్ధి చేసిన మందును జనవరి 23 నుంచి ఇచ్చాకే షుగరు దిగింది. వైద్య చరిత్రలో దీని గురించి ఎంతో రాశారు. వార్డులో దీని వల్ల వచ్చిన మార్పు గురించి రాసింది తక్కువ. అప్పటిదాకా సూది డాక్టరు చేతిలోనో నర్సు చేతిలోనో ఉండేది. ఇన్సులిన్ మాత్రం రోజుకు రెండు మూడు సార్లు, బతికినంత కాలం వేయాలి. అన్నేళ్లు ఏ ఆసుపత్రీ రోగిని మంచం మీద ఉంచలేదు. కాబట్టి సూది రోగి చేతికి, లేదా ఇంట్లో తల్లి చేతికో భార్య చేతికో వెళ్లక తప్పలేదు. దాన్ని ఆ చేతికి భద్రంగా అప్పగించే బాధ్యత నర్సుకు వచ్చింది.

దీన్ని ముందే గ్రహించినవాడు బోస్టన్‌లోని డాక్టర్ ఎలియట్ జాస్లిన్. ఇన్సులిన్ ఇంకా రాకముందే, 1918లో, షుగరు వ్యాధి గురించి డాక్టర్లతో పాటు రోగులూ చదువుకునేలా ఆయన ఒక పుస్తకం రాశారు. 1922 ఆగస్టు 7న ఆయన చేతి మీదుగా మొదటి ఇన్సులిన్ అందుకున్న ఎలిజబెత్ మడ్జ్ స్వయంగా నర్సు. నర్సులకు ప్రత్యేకంగా తర్ఫీదు ఇచ్చి రోగుల ఇళ్లకు పంపడం ఆయన మొదలుపెట్టిన పద్ధతి. ఆ నర్సులు వంటింట్లో ఆహారం తూచడం, మూత్రం పరీక్షించడం, సూది వేసుకోవడం, పాదాలు చూసుకోవడం దగ్గరుండి నేర్పేవారు. ఇవాళ డయాబెటిస్ ఎడ్యుకేటర్ అంటున్న ఉద్యోగానికి మూలం అక్కడే ఉంది.

ఆ రోజుల్లో నేర్పాల్సిన పని చాలా బరువైనది. గాజు సిరంజినీ సూదినీ మరిగించాలి, మొన మొద్దుబారితే రాయి మీద నూరుకోవాలి. ఇంట్లో రక్తపరీక్ష లేదు. మన నర్సింగ్ స్కూళ్లలో తరాల తరబడి నేర్పిన బెనెడిక్ట్ పరీక్షే దిక్కు: పరీక్ష నాళికలో 5 మి.లీ. బెనెడిక్ట్ ద్రావణం పోసి, 8 చుక్కల మూత్రం వేసి, మరిగించి, రంగు చూడాలి. నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ, పసుపు, నారింజ మీదుగా ఇటుక రంగుకు వెళ్లే కొద్దీ చక్కెర ఎక్కువ.

ఇక మందు బలం. తొలి ఇన్సులిన్ మిల్లీలీటరుకు 5, 10 యూనిట్ల చొప్పున వచ్చేది. పెద్ద మోతాదుకు అంత ద్రవం ఎక్కించడం నొప్పి కాబట్టి 20, 40, 80 బలాలు తయారయ్యాయి. ప్రతి కొత్త బలమూ సూది బాధ తగ్గించింది, లెక్క బాధ పెంచింది. బ్రిటన్‌లో వాడిన సిరంజిలో మిల్లీలీటరుకు 20 గీతలు ఉండేవి. 20 బలం మందుకు గీత అంటే ఒక యూనిట్, 40 బలానికి రెండు, 80 బలానికి నాలుగు. డాక్టరు యూనిట్లలో రాస్తే రోగి గీతల్లో గుర్తుపెట్టుకునేవాడు. "పది" అన్న మాటకు ఆ ఇంట్లో మూడు అర్థాలుండేవి. అమెరికాలో 40కీ 80కీ వేర్వేరు కొలతలున్న సిరంజిలు వాడేవారు. తప్పు కొలత చూసి చదివితే మోతాదు రెట్టింపయ్యేది, లేదా సగమయ్యేది.

ఈ గందరగోళానికి విరుగుడుగానే యు-100 వచ్చింది. అమెరికాలో 1970ల తొలి సంవత్సరాల్లో ప్రవేశపెట్టి, పాత బలాలను క్రమంగా తీసేశారు. బ్రిటన్ 1983లో మారింది. ఒకే మందు బలం, దానికి ఒకే సిరంజి. ఆ దేశాల్లోని ప్రతి ఇన్సులిన్ రోగికీ మళ్లీ పాఠం చెప్పాల్సి వచ్చింది, చెప్పారు కూడా.

మన దేశం ఆ మార్పు పూర్తిగా చేయలేదు. ఇక్కడ సీసాలో వచ్చే సాధారణ ఇన్సులిన్, 30/70 మిశ్రమం (త్వరగా పనిచేసేది 30, నెమ్మదిగా పనిచేసేది 70 పాళ్లు) ఇప్పటికీ ఎక్కువగా యు-40. 10 మి.లీ. సీసాలో 400 యూనిట్లుంటాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చేదీ ప్రధానంగా ఇదే. 1985లో పుట్టిన పెన్ను తర్వాత మన బజారుకూ వచ్చింది. దాని 3 మి.లీ. కాట్రిడ్జ్‌లో 300 యూనిట్లుంటాయి, అంటే యు-100. ఆ విధంగా రెండు బలాలూ ఒకే షాపులో, ఒక్కోసారి ఒకే ఇంటి ఫ్రిజ్‌లో చేరాయి. భర్తకు సీసా, భార్యకు పెన్ను ఉన్న ఇళ్లు మనకు కొత్త కాదు. పెన్ను సూదులు అయిపోయాయనో, ఖర్చు కలిసొస్తుందనో కాట్రిడ్జ్‌లోంచి సిరంజితో మందు లాగేవాళ్లూ ఉన్నారు. పైన చెప్పిన 50 యూనిట్ల ప్రమాదం సరిగ్గా అక్కడే పొంచి ఉంది.

గుర్తు పట్టడం కష్టం కాదు. యు-40 సిరంజికి ఎర్ర మూత, 1 మి.లీ.లో 40 యూనిట్లు. యు-100కి నారింజ మూత. 1 మి.లీ. యు-100 సిరంజిలో చిన్న గీత ఒక్కొక్కటి సాధారణంగా 2 యూనిట్లు. ట్యూబ్‌లైటు వెలుతురులో, శుక్లాలున్న కంటికి ఎరుపూ నారింజా ఒకేలా కనిపించవచ్చు. అందుకే మూత రంగు చెప్పి ఊరుకుంటే చాలదు. సీసా మీది అంకెనూ సిరంజి మీది అంకెనూ పక్కపక్కన పెట్టి రోగి చేత చదివించాలి. చదవలేకపోతే చదవగలిగే మనిషి ఇంట్లో ఎవరో కనుక్కుని ఆ మనిషికే నేర్పాలి. ఒక సిరంజి గీతల్ని ఇంకో బలానికి మార్చుకునేందుకు 2.5తో (100ని 40తో భాగిస్తే వచ్చేది) హెచ్చవేసే లెక్క ఎవరికీ నేర్పకూడదు, అది నర్సు తెలుసుకోవడానికే. ఇంటికి చెప్పాల్సింది ఒక్కటే: అంకెలు కలవకపోతే మందు లాగవద్దు, షాపుకు వెళ్లి సిరంజి మార్చుకోండి.

రాత కూడా మారాలి. యూనిట్లు అనే మాటకు బదులు అంకె పక్కన ఇంగ్లిష్ అక్షరం "యు" (U) రాస్తే అది సున్నాలా కనిపిస్తుంది, 10 కాస్తా 100 అవుతుంది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో ఈ పొడి అక్షరాన్ని వాడకూడని రాతల జాబితాలో చేర్చింది. మన డిశ్చార్జి కాగితాల్లో ఇప్పటికీ అది కనిపిస్తూనే ఉంది. "ఉదయం 20 యూనిట్లు, యు-40 సీసా, ఎర్ర మూత సిరంజి" అని పూర్తిగా రాయడానికి పట్టేది ఒక్క వరుస.

నేర్పడం నర్సింగ్‌కు అదనపు పని కాదన్న ఆలోచన సిద్ధాంతంలో ఎప్పుడో స్థిరపడింది. బలం, ఇచ్ఛ, తెలివిడి ఉంటే రోగి తనంతట తాను చేసుకోగలిగే పనుల్లో సాయపడి, వీలైనంత త్వరగా మళ్లీ తన కాళ్ల మీద నిలబెట్టడమే నర్సు పని అని వర్జీనియా హెండర్సన్ నిర్వచించారు. 1971లో డొరోథియా ఓరెమ్ స్వీయ సంరక్షణ చుట్టూ ఒక సిద్ధాంతమే కట్టారు. బీఎస్సీ నర్సింగ్ విద్యార్థులు ఇవన్నీ పరీక్షలో రాస్తారు. వార్డులో మాత్రం పాఠం డిశ్చార్జి రోజు మధ్యాహ్నం, బిల్లు కడుతుండగా, ఆటో బయట ఆగి ఉండగా జరుగుతుంది. ఆ సమయంలో చెప్పింది ఎవరి బుర్రకూ ఎక్కదు. ఇన్సులిన్ మొదలైన రోజే పాఠం మొదలవ్వాలి. వార్డులో పడే ప్రతి సూదీ ఒక పాఠం అవ్వగలదు: మొదటిది నర్సు చేసి చూపిస్తారు, రెండోది రోగి మందు లాగితే నర్సు వేస్తారు, మూడోది నర్సు చూస్తుండగా రోగే వేసుకుంటారు.

"అర్థమైందా?" అని అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: "ఆ, అర్థమైంది సిస్టర్." అది మర్యాద కోసం అనే మాట. "పెద్దమ్మా, రేపు పొద్దున ఇంట్లో ఎలా వేసుకుంటారో ఇప్పుడు ఒకసారి చేసి చూపించండి" అని అడగాలి. అదీ వార్డు సిరంజితో కాదు, వాళ్లు కొనుక్కొచ్చిన సిరంజితో, వాళ్ల సీసాతో. తప్పు ఎక్కడ జరుగుతుందో అప్పుడే కనిపిస్తుంది.

కనిపించే తప్పులు చాలావరకు ఇవే. తెల్లగా ఉండే ఇన్సులిన్‌ను కలపకుండానే లాగేస్తారు. 1946లో డెన్మార్క్‌లో తయారైన, నెమ్మదిగా పనిచేసే ఎన్‌పీహెచ్ ఇన్సులిన్, అది కలిసిన 30/70 మిశ్రమం నిలవుంటే అడుగుకు దిగిపోతాయి. అరచేతుల మధ్య 10 సార్లు దొర్లించి, 10 సార్లు మెల్లగా పైకీ కిందకీ తిప్పాలి. గట్టిగా కుదిపితే నురగ వచ్చి కొలత తప్పుతుంది. తేట మందూ (త్వరగా పనిచేసే సాధారణ ఇన్సులిన్) తెల్ల మందూ (ఎన్‌పీహెచ్) ఒకే సిరంజిలో కలపాల్సి వస్తే ముందు తెల్ల సీసాలోకి గాలి ఎక్కించి మందు తీయకుండా సూది బయటకు లాగాలి. తర్వాత తేట సీసాలోకి గాలి ఎక్కించి, తేట మందు లాగి, చివర్లో తెల్ల మందు లాగాలి. వరుస తప్పితే తెల్ల మందులోని ప్రోటమైన్ అనే ప్రోటీన్ తేట సీసాలోకి చేరి, త్వరగా పనిచేయాల్సిన మందును నెమ్మదింపజేస్తుంది. పెన్నులో అయితే ముందు 2 యూనిట్లు గాల్లోకి వదిలి చూడరు, బటన్ నొక్కగానే సూది తీసేస్తారు. పదంకెలు లెక్కపెట్టాక తీయాలి.

సూది వేసే చోటు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నష్టం ఎక్కువ జరిగేదీ, కళ్లకు ఆలస్యంగా కనిపించేదీ ఇక్కడే. ఒకేచోట వేసుకుంటూ పోతే చర్మం కింద కొవ్వు గడ్డకట్టి మెత్తగా ఉబ్బుతుంది. అక్కడ సూది నొప్పి తెలియదు, అందుకే రోగి అక్కడే వేసుకుంటారు. ఆ గడ్డలోంచి మందు ఒకరోజు తక్కువగా, ఒకరోజు ఎక్కువగా రక్తంలోకి వెళ్లి షుగరు ఊగిసలాడుతుంది. ఒకే సూదిని పదే పదే వాడటం కూడా గడ్డలు పెంచుతుంది. పొట్ట, తొడ, పిరుదు, పై చేయి వెనుక భాగం వాడవచ్చు. బొడ్డు చుట్టూ రెండు వేళ్ల వెడల్పు వదలాలి, ప్రతిసారీ ముందుచోటికి ఒక వేలి దూరం జరగాలి. పెన్ను 4 మి.మీ. సూదిని పెద్దలకు మామూలుగా నిటారుగా వేస్తే చాలు, సిరంజి 8 మి.మీ. సూదికి చర్మం మడత పట్టాలి. చూపుతో దొరకని గడ్డ చేతి వేళ్లకు దొరుకుతుంది, కాబట్టి ప్రతి సందర్శనలో నర్సు పొట్ట తడిమి చూడాలి. గడ్డ దొరికితే చోటు మార్చమని చెప్పి ఊరుకోకూడదు. మంచి చర్మంలోకి మారగానే అదే మోతాదు గట్టిగా పనిచేసి షుగరు పడిపోవచ్చు, డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచూశాకే మార్పించాలి.

షుగరు 70 కంటే తగ్గితే, లేదా చెమట, వణుకు, విపరీతమైన ఆకలి వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్లీ పరీక్షించాలి. తగ్గే ఉంటే మళ్లీ ఇవ్వాలి, తర్వాత తిండి పెట్టాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఏకాదశి ఉపవాసమో రోజానో ఉంటారా అని నర్సే ముందు అడగాలి, రోగి తనంతట చెప్పరు.

తెరవని సీసాకు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీలు. వాడుతున్న సీసాను గది వేడిలో సుమారు నాలుగు వారాలు ఉంచవచ్చు, కానీ రామగుండం, రెంటచింతల మే నెల ఎండలో గది వేడి మందు తట్టుకునే పరిమితి దాటిపోతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాను గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి, తడిసి ఉండే మట్టికుండలో నీడన ఉంచడం మంచి మార్గం. గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు ఈ పాఠం ఇంకోసారి చెప్పాలి. వాళ్లు ఇక్కడి యు-40 సీసాలు తీసుకెళ్తారు, మధ్యలో సిరంజిలు అయిపోతాయి. అక్కడి మందుల షాపులో మనుషుల కోసం దొరికేవి దాదాపు అన్నీ యు-100 సిరంజిలే. యు-40 అక్కడ కుక్కలకూ పిల్లులకూ వాడే ఇన్సులిన్‌కు మిగిలింది. కాబట్టి ఉన్నన్నాళ్లకూ సరిపడా ఎర్ర మూత సిరంజిలు, డాక్టరు రాసిన కాగితం వెంట పెట్టుకోవాలి. మందు చేతి సంచిలోనే ఉండాలి, కార్గోలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. అక్కడి డాక్టరు యు-100 సీసాకు మారిస్తే, మిగిలిన ఎర్ర మూత సిరంజిలు ఆ రోజే ఇంట్లోంచి తీసేయాలి.