పేరు లేని గాలివాన

మా నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్లు కాలాన్ని తుపాన్లతో లెక్కపెడతారు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను గురించి అడిగితే గంటసేపు చెబుతారు. కానీ ఏదో మే నెలలో ఓ సాయంత్రం పావుగంటలో నిమ్మకాయంతా రాల్చి, కరెంటు స్తంభాలు పడేసి పోయిన గాలి ఏ ఏడాది వచ్చిందని అడగండి, తడుముకుంటారు. 'అదా, గాలివానకు పోయింది' అంటారు, అంతే.

రోళ్లు పగిలే రోహిణి కార్తెకు అటూ ఇటూ వెలిగొండల మీదుగా పడమటి వేడిగాలి దిగుతుంది. పొద్దు వాలేసరికి సముద్రపు గాలి తేమను మోసుకొస్తుంది. రెండూ ఎదురుపడ్డ చోట మేఘం నిలువునా లేస్తుంది. అందులోంచి పడే వాన కింది పొడిగాలిలో చాలావరకు ఆవిరైపోతుంది. కొత్త కుండలో నీళ్లు ఎలా చల్లబడతాయో ఆ గాలీ అలాగే చల్లబడి, బరువెక్కి, ఒక్కసారిగా కిందికి కూలుతుంది. నేలను తాకి పక్కలకు చిమ్ముతుంది. చినుకు కన్నా ముందు దుమ్ము, చల్లగాలి వచ్చేది అందుకే. ఉదయగిరి, కనిగిరి వైపు ఈ వరస అందరికీ తెలిసిందే.

శాస్త్రానికి మాత్రం ఆలస్యంగా తెలిసింది. 1888లో అమెరికాలో హిన్‌రిక్స్ అనే ఆయన, సుడి తిరగకుండా తిన్నగా దూసుకుపోయే ఉరుముల గాలికి 'డెరేచో' అని పేరు పెట్టాడు. ఆ మాటను తర్వాత చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1974లో టోర్నడోల (సుడిగాలుల) నష్టాన్ని విమానంలోంచి చూస్తున్న వాతావరణ శాస్త్రవేత్త ఫుజితాకు ఒకచోట చెట్లు సుడి తిరిగినట్టు కాకుండా, నక్షత్రంలా నలువైపులా పడి కనిపించాయి. మరుసటి ఏడాది జూన్ 24న న్యూయార్క్‌లో విమానం కూలి 113 మంది చనిపోయారు. పైనుంచి కూలిన గాలే దాన్ని నేలకు కొట్టిందని ఆయన వాదిస్తే తోటివాళ్లు చాలామంది నమ్మలేదు. 1978లో షికాగో దగ్గర రాడార్లు పెట్టి చూశాకే ఒప్పుకున్నారు.

మన వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం హఠాత్తుగా కనీసం 29 కిలోమీటర్లు పెరిగి, గంటకు 40 దాటి, నిమిషమైనా నిలిస్తేనే అది 'స్క్వాల్'. కానీ కొలిచేదెవరు? నెల్లూరు, కావలి, ఒంగోలు కేంద్రాలు మూడూ తీరం వైపువే. నాలుగు కిలోమీటర్ల లోపు వెడల్పులో కూలే గాలి మెట్ట ఊళ్లలో కొట్టి పోతే వాటికి తెలియనే తెలియదు. మేఘంలో గాలి కదలికను దూరం నుంచే పట్టే డాప్లర్ రాడార్ చెన్నైలో వచ్చిందే 2002లో.

పరిహారం దగ్గరా ఇదే తంటా. కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో తుపాను ఉంది, వడగళ్లు ఉన్నాయి. ఉత్త ఈదురుగాలి లేదు. రాష్ట్రం కావాలనుకుంటే స్థానిక విపత్తుగా ప్రకటించి, విపత్తు నిధిలో పది శాతం దాకా వాడుకోవచ్చు.

తోట పడిపోయాక ఎన్ని చెట్లు పోయాయో అందరూ లెక్కపెడతారు. ఎటు పడ్డాయో మాత్రం ఎవరూ రాసుకోరు. ఫుజితా పట్టుకున్నది దాన్నే. కట్టెలు కొట్టేవాళ్లు రాకముందే గట్టు మీద నిలబడి ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసి, తేదీ రాసిపెట్టుకుంటే చాలు.